ఆరో నంబరు గదిలో పొంగిన పాలు

రావే యామినీ, ఆ పీట లాక్కుని నా పక్కకి రా. ఇంకా దగ్గరికి. ఇల్లు కొంటున్నావట కదా. కాగితాలు ప్లీడరు చూశాడు, గోడలు ఇంజనీరు చూశాడు, గుమ్మం సిద్ధాంతి చూశాడు అని మీ అమ్మ చెప్పింది. మంచిదే. వాళ్లు ముగ్గురూ చూడనివి కొన్ని ఉంటాయి, అవి నేను చెబుతాను.

ఇంటిని ఎండలో చూసి మురిసిపోకు. ఒక వాన కురిశాక వెళ్లి చూడు, ఏ గోడ ఎక్కడ ఏడుస్తుందో తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లి కుళాయి తిప్పు. పొద్దున్న అందరి ఇళ్లలోనూ నీళ్లు వస్తాయి. వంటింట్లో చతికిలబడి పావుగంట కూర్చో, పక్కింటివాళ్లు ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకుంటారో వినపడుతుంది. రేపు నీతో మాట్లాడేది ఆ నోళ్లతోనే. ఇక సామాను సర్దేటప్పుడు ఒక్కటి మరిచిపోకు. పాలగిన్నె, అగ్గిపెట్టె, పసుపు, ఉప్పు లారీ ఎక్కించకూడదు. సంచిలో పెట్టి నీ చేత్తోనే పట్టుకోవాలి. మేము ఒక సర్కారు ఆఫీసులో కాపురం పెట్టి, మళ్లీ అక్కడినుంచి మర్యాదగా బయటపడ్డామంటే ఆ సంచి నా చేతిలో ఉండబట్టే.

నవ్వకు. నవ్వడానికి ముందు ముందు చాలా ఉంది.

మా గవర్రాజు అప్పటికి బస్సు డిపోలో మెకానిక్కు. వాడి పెళ్లాం సుభాషిణి, నా కోడలు, నీకు తెలిసిందే కదా, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మేము ఏడు అద్దె ఇళ్లు మారాం. ఆ ఏడుగురు ఇంటివాళ్లూ ఏడు రకాలు. ఒకావిడ మెట్లమీద గట్టిగా నడవకూడదనేది. ఒకాయన తులసిమొక్కకి నీళ్లెక్కువ పోస్తున్నామని గొణిగేవాడు. ఒక్క విషయంలో మాత్రం ఏడుగురిదీ ఒకటే మాట. గోడకి మేకు కొట్టకూడదు.

ఎవరికైనా అది చిన్న మాటే. సుభాషిణికి కాదు. వాళ్ల నాన్న వడ్రంగి. కూతురి పెళ్లికి టేకు చెక్కతో గూడు చేసి, అందులో లోలకం గడియారం అమర్చి ఇచ్చాడు. గూటి మీద రెండు చిలకలు, మధ్యన మామిడిపిందె. దాన్ని తగిలించడానికి నాలుగంగుళాల మేకు కూడా ఆయనే చేయించి, దారంతో గడియారానికి కట్టి పంపాడు. ఆ మరుసటేడే పోయాడు. లోలకం గడియారం సంగతి తెలుసు కదా, గోడకి నిటారుగా వేలాడితేనే నడుస్తుంది, పడుకోబెడితే పలకదు. పాత నూలు చీరలో చుట్టుకుని ట్రంకుపెట్టెలోనే అది ఏడిళ్లూ తిరిగింది. ముళ్లు అయిదుకి రెండు నిమిషాల దగ్గర ఆగిపోయి ఉన్నాయి. సుభాషిణి ఏడాదికోసారి దాన్ని బయటికి తీసి, తుడిచి, నూనె రాసి, మళ్లీ చుట్టబెట్టేది. ఎప్పుడూ ఏమీ అనేది కాదు. అనని మనిషి దగ్గరే మనకి ఎక్కువ భయంగా ఉంటుంది.

అందుకే, కాలువ అవతల సర్కారు కట్టిన నందనవనం కాలనీలో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గవర్రాజు గది ఎంత వెడల్పో కొలిచాడు, నేను కుళాయి తిప్పాను, సుభాషిణి గోడని వేలి కణుపుతో తట్టి చూసింది. తట్టి నా వైపు చూసి నవ్వింది. ఇంక ఆ ఇల్లు కొనకపోతే ఎలా? రెండో అంతస్తు, పదిహేడో నంబరు. రిజిస్ట్రేషను అయిపోయింది.

తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. పొంగు పత్రం తెస్తే ఇస్తామన్నారు.

పొంగు పత్రమంటే ఏమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఆ కాలనీలో రెండు వందల ఇళ్లు. కొన్నవాళ్లెందరో తెలుసు, ఉంటున్నవాళ్లెందరో తెలియదు. పైవాళ్లు ఆ లెక్క అడిగారు. ఆఫీసువాళ్లు ముందు గుమ్మాల దగ్గర చెప్పుల జతలు లెక్కపెట్టారు. ఊరికే తాళం వేసుకున్నవాళ్లు పాత చెప్పులు విడిచి వెళ్లడం మొదలుపెట్టారు. ఆరేసిన బట్టలు లెక్కపెట్టారు. వానాకాలం వచ్చేసరికి కాలనీలో ఒక్క మనిషీ లేడని తేలింది. అప్పుడు నివాస నిర్ధారణాధికారి దక్షిణామూర్తిగారు మూడు రోజులు తలుపేసుకుని ఆలోచించారట. మన వైపు ఏ కులంవాళ్లయినా, ఏ మతంవాళ్లయినా, కొత్తింట్లో పాలు పొంగించందే చాప పరవరు కదా. కాబట్టి పాలు పొంగిన ఇల్లే నివాసం, పొంగనిది వట్టి గోడలు అని ఆయన ఉత్తర్వు రాశారు. పైవాళ్లు మెచ్చుకుని శాలువా కప్పారు. శాలువాతో తీయించుకున్న ఫోటో పటం కట్టించి ఆయన తన గదిలోనే, కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నారు.

మంచి మాటే, నేను కాదనను. ఇంత తెలివైన మాట ఆఫీసులోంచి రావడం నేను చూడటం అదే మొదలు. కాని మంచి మాటకి కాగితం తగిలిస్తే ఏమవుతుందో విను.

గవర్రాజుకి డిపోలో డ్యూటీ. అందుకని నేనూ సుభాషిణీ వెళ్లాం. దక్షిణామూర్తిగారిది నాలుగో నంబరు గది. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషి. ఎదురుగా అచ్యుతం అనే గుమస్తా. ఆ అచ్యుతం ప్రాణం పోయినా అబద్ధం రాయడని ఆఫీసంతా చెప్పుకునేవారు. మెచ్చుకోలుగా కాదు.

పొంగడమంటే ఏమిటో అచ్యుతం నాకు చదివి వినిపించాడు. పొంగుట అనగా, పాత్రయందలి పాలు అంచును దాటి, పాత్ర బాహ్యభాగమును తాకుచు, కనీసము రెండు అంగుళముల మేర క్రిందికి ప్రవహించుట. దానిని కార్యాలయ ప్రతినిధి స్వయముగా చూచుట. అరవై అయిదేళ్లుగా పాలు కాస్తున్నదాన్ని, అవి ఇంత పని చేస్తున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

సరే, తాళం ఒక పూట ఇప్పించండి, పొంగించి చూపిస్తామన్నాను. ముందు తొమ్మిదో నంబరు గదిలో మంటకి అనుమతి తెచ్చుకోవాలన్నారు. తొమ్మిదో గదికి వెళ్లాం. అక్కడి ఆయన కూడా మర్యాదస్తుడే. మనుషులు నివసించని ఇంట్లో మంట పెట్టడం నేరమనీ, నివసిస్తున్నట్టు పొంగు పత్రం చూపిస్తే క్షణంలో అనుమతి ఇస్తాననీ చెప్పాడు. మళ్లీ నాలుగో గదికి వచ్చాం.

"మంట లేకుండా పాలెలా పొంగుతాయండి బాబూ?" అన్నాను.

"ఆ విషయము దరఖాస్తుదారు విచక్షణకు వదిలివేయబడినది" అన్నారు దక్షిణామూర్తిగారు.

మేమొక్కళ్లమే అనుకునేవు. వరండా నిండా పాలగిన్నెలతో జనం. కరెంటు పొయ్యి మీద కాస్తామన్నవాళ్లకి పొంగు పత్రం లేనిదే కరెంటు ఇవ్వరు. ఒక లెక్కల మాస్టారు కాలనీ డాబా మీద అద్దాలు పెట్టి ఎండని గిన్నెలోకి మళ్లించాడు. సాయంత్రానికి పాలు తోడుకున్నాయి. అచ్యుతం వచ్చి చూసి, "పెరుగు పొంగజాలదు" అని రాసుకుని వెళ్లాడు. బట్టలకొట్టాయన ఒకాయన కొబ్బరిబొండాం గొట్టం పెట్టి గిన్నెలోకి ఊదాడు. నురగ లేచి అంచు దాటి మూడంగుళాలు జారింది. అందరం చప్పట్లు కొట్టాం. అచ్యుతం స్కేలు పెట్టి కొలిచి, నురగ తీసేస్తే పాలు జారింది శూన్యమని తేల్చాడు. పాపం, ఆ బట్టలకొట్టాయనకి వారం రోజులు బుగ్గలు నొప్పి.

ఈలోగా జ్యేష్ఠం సగమైంది. అద్దె ఇంటివాళ్లకి నెలాఖరు గురువారానికి ఖాళీ చేస్తామని మాటిచ్చేశాం. ఆ తర్వాత ఆషాఢం, కొత్తింట్లో అడుగు పెట్టడానికి లేదు. ఒకరోజు సుభాషిణి గడియారం బయటికి తీసి తుడిచింది. ఏడాదికోసారి తుడిచేది, ఆ నెలలో అది మూడోసారి. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను.

జనం గోల ఎక్కువయ్యాక దక్షిణామూర్తిగారు రెండో ఉత్తర్వు వేశారు. ప్రజల సౌకర్యార్థము కార్యాలయము నందే, మొదటి అంతస్తు, ఆరో నంబరు గదిలో పొంగు ప్రదర్శనకు ఏర్పాటు చేయడమైనది. ఆఫీసులో మంటకి అడ్డు లేదు, సిబ్బంది టీ కాచుకోవడానికి ఎప్పుడో అనుమతి తీసుకున్నారు. ఆరో గదికి రిబ్బను కట్టారు, కత్తిరించారు, గ్యాసు పొయ్యి పెట్టారు. ఎవరి గిన్నె వాళ్లు, ఎవరి పాలు వాళ్లు తెచ్చుకోవాలి. పొంగగా మిగిలిన పాలు ఆఫీసువే. ఆ పది రోజులూ సిబ్బంది ముఖాలు నిగనిగలాడాయి.

మా వంతు వచ్చింది. సుభాషిణి పట్టుచీర కట్టుకుని, గిన్నెకి పసుపు రాసి బొట్టు పెట్టి, పొయ్యి మీద పెట్టింది. ఒకవైపు అచ్యుతం స్కేలు పట్టుకుని, మరోవైపు దక్షిణామూర్తిగారు కళ్లద్దాలు సవరించుకుని, ఇద్దరూ గిన్నెలోకి వంగారు. పాలు మాత్రం అలా మీగడ కట్టుకుని కూర్చున్నాయి. నేను ఉండబట్టలేక, పాలకి సిగ్గెక్కువ, చూస్తుంటే పొంగవు, చూపు తిప్పితే ఆగవు, కాస్త పక్కకి చూడండి బాబూ అన్నాను. పరిశీలకుడు పరిశీలించకుండుటను నిబంధనలు అనుమతించవని అంటూ దక్షిణామూర్తిగారు నా వైపు తిరిగారు. అంతే, ఆ తిరిగినప్పుడు పొంగిపోయాయి. సుయ్‌మని పొయ్యి ఆరిపోయింది. ఎంత జారిందని అచ్యుతాన్ని అడిగారు. "నేను మిమ్మల్ని చూస్తున్నానండి" అన్నాడు అచ్యుతం. సాక్ష్యం లేని పొంగు చెల్లదట. బజారుకి వెళ్లి మళ్లీ పాలు తెచ్చాం. ఈసారి నేను నోరు మూసుకున్నాను. ఏమి కష్టపడ్డానో ఆ దేవుడికే తెలుసు. రెండుంబావు అంగుళాలు జారాయి. ముద్ర పడింది.

కాగితాలు మాత్రం నలభై ఒక్క కుటుంబాలకీ కలిపి ఒకేసారి, బుధవారం సాయంత్రం ఇచ్చారు. మేము వాటిని చదివి చూసుకోలేదు. నేను చదివినది అయిదో తరగతి, అదీ సగం. గవర్రాజు చదవగలడు కాని, ముద్ర చూసి మడిచి జేబులో పెట్టేశాడు. ఇది కూడా గుర్తు పెట్టుకో యామినీ. ముద్ర ఎంత పెద్దదైతే కాగితం అంత నిదానంగా చదవాలి.

గురువారం పొద్దున్నే లారీలో సామానెక్కించాం. మంచాలు, బీరువా, ఊరగాయ జాడీలు, ట్రంకుపెట్టె. పాలగిన్నె సంచి నా ఒళ్లో. మా లారీ కదలకముందే కొత్తగా అద్దెకి దిగేవాళ్ల సామాను ఆ వాకిట్లో దిగింది. ఇంక వెనక్కి వెళ్లడానికి ఇల్లు లేదు.

కాలనీ గేటు దగ్గర కాపలావాడు కాగితం అందుకుని, తిప్పి తిప్పి చదివి, తాళం చెవి చేతిలోకి తీసుకున్నవాడల్లా మళ్లీ మేకుకి తగిలించేశాడు.

"ఇది మీ ఇల్లు కాదండి. మీ ఇల్లు ఆఫీసండి" అన్నాడు.

గవర్రాజు కాగితం లాక్కుని అప్పుడు చదివాడు. పాలు పొంగిన స్థలము: కార్యాలయ భవనము, మొదటి అంతస్తు, గది నంబరు ఆరు. పాలు పొంగిన స్థలమే నివాసము గనుక, పై కుటుంబము యొక్క నివాస స్థలము: సదరు గది.

లారీ తిప్పుకుని ఆఫీసుకి వెళ్లాం. అచ్యుతం మమ్మల్ని చూసి ఏమాత్రం కంగారు పడలేదు. పాలు ఎక్కడ పొంగాయో అక్కడే రాశాను, పొంగని చోట పొంగినట్టు రాస్తే అబద్ధమవుతుంది కదండీ అన్నాడు. నిజమే కదా. దక్షిణామూర్తిగారు ఫైళ్ల మీద సంతకాలు చేస్తున్నారు. తల ఎత్తకుండానే, రికార్డును దిద్దవలెనన్న సవరణ దరఖాస్తు పెట్టుకోవాలనీ, దానికి ఆరు నెలలు పడుతుందనీ అన్నారు.

"ఈ ఆరు నెలలూ మా ఇల్లెక్కడండి?" అని అడిగాను.

"రికార్డు ప్రకారము గది నంబరు ఆరు."

"మా ఇల్లేనా?"

"రికార్డు ప్రకారము."

"అయితే సామాను దింపుకోమంటారా?"

ఆయన ఇంకో సంతకం చేశారు. "నివాసి తన నివాసములో సామాను ఉంచుకొనుటకు కార్యాలయమునకు అభ్యంతరము ఉండనేరదు."

అచ్యుతాన్ని ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నాను. రాసిచ్చాడు. అబద్ధం కాదు కదా.

గవర్రాజు నావైపు చూశాడు. నేను సుభాషిణి వైపు చూశాను. సుభాషిణి కొంగు నడుముకి దోపింది.

గంటలో కాపురం కుదురుకుంది. మంచం కిటికీ పక్కన వేశాం. బీరువా పట్టలేదు, దాన్ని వరండాలో నిలబెట్టాం. ఫైళ్ల అరమరలో కింది అర ఖాళీగా ఉంటే ఆవకాయ, మాగాయ, చింతకాయ జాడీలు పెట్టాను. ఫైళ్లకంటే అవే ఎక్కువ కాలం నిలవ ఉంటాయి. గుమ్మానికి పసుపు రాసి చిన్న ముగ్గేశాను. టీ కోసం వచ్చిన గుమస్తాలని చెప్పులు బయట విడిచి రమ్మన్నాను. విడిచారు. ఇల్లు కనపడగానే మనవాళ్లకి కాళ్లు వాటంతటవే చెప్పులు విడుస్తాయి. వంకాయలు తరుగుతూ ఒక్కొక్కళ్లనీ కుశలమడిగాను. తొమ్మిదో గది ఆయనకి మోకాళ్ల నొప్పట, వావిలాకు కాపడం చెప్పాను. నిజం చెప్పొద్దూ, కుళాయిలో పొద్దెక్కాక కూడా నీళ్లొచ్చే ఇంట్లో నేను ఉండటం అదే మొదలు.

అచ్యుతం గుమ్మం అవతలే నిలబడి, నిబంధనల పుస్తకం తిరగేసి, మమ్మల్ని ఖాళీ చేయించాలంటే మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలని పక్కగదిలోని దక్షిణామూర్తిగారికి వినపడేలా చెప్పాడు. నోటీసు మా నివాసానికే పంపాలి కనుక, టైపు చేసి, పక్కగదినుంచి వచ్చి, తలుపు తట్టి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. దాంతోపాటు గ్లాసుడు మజ్జిగ తాగి వెళ్లాడు. ఈలోగా కబురు కాలనీ గేటు దగ్గరికి పాకింది. బట్టలకొట్టాయన లారీ ఆఫీసు ముందు ఆగింది. వెనకాల లెక్కల మాస్టారి రిక్షా. రికార్డు ప్రకారం వాళ్ల నివాసం కూడా ఆరో గదే. మొత్తం నలభై ఒక్క కుటుంబాలు.

అప్పటికీ దక్షిణామూర్తిగారు చలించలేదు. ఫైలు చూసుకుంటూ కూర్చున్నారు. కోపం లేని మనిషి, ఆ మాట నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను.

అప్పుడు సుభాషిణి ట్రంకుపెట్టె తెరిచింది.

పాత చీర మడతలు విప్పి గడియారం తీసింది. దారం తెంపి మేకు చేతిలోకి తీసుకుంది. ఆరో గది నాలుగు గోడలూ కణుపుతో తట్టుకుంటూ వచ్చి, తూర్పు గోడ దగ్గర ఆగింది. గవర్రాజు పెట్టెలోంచి సుత్తి అందుకుంది. ఆ గోడకి అవతలే నాలుగో గది అని నాకు తెలుసు. చెప్పలేదు.

మొదటి దెబ్బకి సున్నం రాలింది. మూడో దెబ్బకి అవతల ఏదో పడి భళ్లుమంది. శాలువా పటం. నాలుగో దెబ్బకి మేకు కూర్చుంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ గడియారం గోడెక్కింది. కీ ఇచ్చి, లోలకాన్ని వేలితో ఇలా కదిపింది. టిక్కు టిక్కుమని నడిచింది యామినీ. నడవడమంటే ఏదో మామూలు గడియారంలా కాదు. సుభాషిణి దానికింద నేలమీద కూర్చుండిపోయింది. నేను వంకాయ మీదనుంచి చూపెత్తలేదు. ఎత్తితే నాకు ఏడుపొచ్చేది.

ముళ్లు మాత్రం ఎవరూ సరిచేయలేదు. అవి అయిదుకి రెండు నిమిషాల దగ్గర ఉన్నాయని చెప్పాను కదా. రెండు నిమిషాలు గడిచాయి. ఖణేల్‌మని అయిదు గంటలు కొట్టింది.

అప్పుడు టైము ఉదయం పదకొండున్నర. కాని ఆ ఆఫీసులో అయిదు గంటలు వినపడితే లేవడం ఒంట్లో జీర్ణించుకుపోయిన అలవాటు, చేతి గడియారం చూసుకోవడం దారిలో గుర్తొస్తుంది. సొరుగులు టపటపా మూసుకున్నాయి. క్యారేజీలు సంచుల్లోకి వెళ్లాయి. మోకాళ్ల నొప్పి ఆయన అందరికంటే ముందు మెట్లు దిగాడు. మూడు నిమిషాల్లో ఆఫీసంతా ఖాళీ. వరండాలో మా బీరువా, బట్టలకొట్టాయన మంచాలు తప్ప ఇంకేమీ లేవు.

దక్షిణామూర్తిగారు ఆరో గది గుమ్మంలోకి వచ్చారు. చెప్పులు బయట విడిచారు. జుట్టు మీద కాస్త సున్నం పడి ఉంది.

"అమ్మా" అన్నారు, మొదటిసారి మామూలు మనిషిలా. "మీరు ఇంటికి వెళ్లిపోండమ్మా."

"ఇంట్లోనే ఉన్నాం కదా బాబూ" అన్నాను.

ఆయన గడియారం వైపు చూశారు. అరగంటకోసారి కొడుతుందా అని నెమ్మదిగా అడిగారు. కొడుతుందని చెప్పాను. ఆయన మంచం పట్టె మీద కూలబడ్డారు. మజ్జిగ ఇచ్చాను.

ఆఫీసులో మిగిలినది అచ్యుతం ఒక్కడే. అయిదు కాలేదని తెలిసి కూడా లేచిపోవడం అబద్ధం కిందికే వస్తుందని ఉండిపోయాడట. అతన్ని చూసి దక్షిణామూర్తిగారు, తప్పు ఒప్పుకోకుండా దీనికి ఉపాయమేమైనా ఉందా అని అడిగారు. అచ్యుతం పుస్తకం తెరవకుండానే చెప్పాడు.

"తప్పు దిద్దాలంటే ఆరు నెలలండి. ఇల్లు మారాలంటే అరగంటండి."

అర్థం కాలేదా? మాకూ కాలేదు. ఉత్తర్వు ప్రకారం మేము ఆరో గది నివాసులం కదా. నివాసి అయినవాడు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారితే కొత్తగా మంటకి అనుమతి అక్కర్లేదట. వాడికి అప్పటికే పొయ్యి ఉన్నట్టు లెక్క, దాన్ని ఈ ఇంటినుంచి ఆ ఇంటికి పట్టుకెళ్లడమే. ఇల్లు లేనివాడు ఇంట్లో చేరడానికి దారి లేదు కాని, ఆఫీసులో కాపురమున్నవాడు ఎక్కడికైనా మారొచ్చు.

దక్షిణామూర్తిగారు లేచి, పొయ్యి స్వయంగా రెండు చేతులా ఎత్తుకున్నారు. రికార్డు కోసం పొయ్యి కూడా మాతో రావాలి మరి. గ్యాసుబండ గవర్రాజు భుజం మీద. గడియారం సుభాషిణి ఒళ్లో. వెళ్తూ వెళ్తూ ఆ మేకుని రెండు చేతులా పట్టుకుని ఊపి ఊపి పీకింది. నాన్న ఇచ్చిన మేకు కదా, సర్కారు గోడకి ఎందుకు వదిలేస్తుంది?

పదిహేడో నంబరుకి చేరేసరికి లారీలో అన్నీ తలకిందులుగా ఉన్నాయి. బియ్యం ఎక్కడో, గరిటె ఎక్కడో తెలియదు. నా చేతి సంచిలో మాత్రం పాలగిన్నె, అగ్గిపెట్టె, పసుపు, ఉప్పు. అందుకే చెప్పాను. కూడలిలో పాలు కొనుక్కొచ్చాం. సుభాషిణి పొయ్యి వెలిగించింది. ఈసారి దక్షిణామూర్తిగారు తనంతట తానే కిటికీవైపు తిరిగి నిలబడ్డారు. పాలకి సిగ్గెక్కువ అని ఆయనకి గుర్తుంది. అచ్యుతం ఒక్కడే చూశాడు. అన్ని వైపులకీ పొంగాయి. కొలిచే పని లేకపోయింది.

కాగితం మీద ముద్ర పడ్డాక, నేను ముందు అచ్యుతం చేత అది రెండుసార్లు చదివించుకున్నాను. పొంగిన స్థలము: నందనవనం, ఇంటి నంబరు పదిహేడు.

ఆ తర్వాత జరిగినది విను. ఇదే అసలు మాట.

సుభాషిణి గడియారం, మేకు, సుత్తి పట్టుకుని హాల్లో గోడ ముందు నిలబడింది. మేకు గోడకి ఆనించింది. సుత్తి ఎత్తి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇక్కడ కొట్టొచ్చాండి?" అంది.

ఎవరిని అడిగిందో తనకే తెలియదు. దక్షిణామూర్తిగారి వైపు చూసింది, నా వైపు చూసింది, గుమ్మం వైపు కూడా చూసింది, ఇంటివాళ్లెవరైనా వస్తారేమోనన్నట్టు. ఇరవై రెండేళ్ల అలవాటు కదా. దక్షిణామూర్తిగారు నోరు తెరిచారు. గోడలకు రంధ్రములు అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది, నేను చూశాను. ఆయన తన జుట్టు తడుముకున్నారు. చేతికి ఇంకా సున్నం అంటింది. నోరు మూసుకున్నారు.

అడగవలసినవాళ్లు ఎవరూ లేరని అప్పుడు తెలిసింది సుభాషిణికి. ఫక్కున నవ్వింది. మా ఇంట్లో అది అంత పెద్దగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. నవ్వుతూనే కొట్టింది. నాలుగు దెబ్బలు.

ముళ్లు మాత్రం దక్షిణామూర్తిగారే దగ్గరుండి సరిచేశారు.

మిగతా నలభై కుటుంబాలూ అదే దారిన వెళ్లాయి. ముందు ఆరో గదిలో అరగంట కాపురం, ఆ తర్వాత పొయ్యి ఎత్తుకుని సొంతిల్లు. దాన్ని క్రమబద్ధం చేస్తూ మూడో ఉత్తర్వు వచ్చింది, దానికీ శాలువా కప్పారు. అందరూ మారిపోయాక ఆరో గదిలో ఎవరూ లేరని రికార్డులో తేలింది. ఖాళీగా ఉంచిన ఇల్లని దానికి కరెంటూ మంట అనుమతీ తీసేశారు. నోటీసు అచ్యుతమే అంటించాడు. ఇప్పుడు సిబ్బందికి టీ లేదు. తొమ్మిదో గది ఆయన అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి తాగి వెళ్తుంటాడు, మోకాళ్లు కాస్త నయమట.

ఇదుగో, గడియారం కొడుతోంది, విన్నావా? లెక్కపెట్టు. సరిగ్గానే ఉంది కదా.

నీ ఇంట్లో పాలు పొంగినరోజు నేను వచ్చినా రాకపోయినా, వచ్చినవాళ్లని కూర్చోబెట్టి ఈ కథ చెప్పు. ఆఫీసు సంగతి కాస్త పెంచి చెప్పినా ఫరవాలేదు, తగ్గించి మాత్రం చెప్పకు. సుభాషిణి నవ్విన చోట నువ్వు నవ్వకుండా ఆగు, వాళ్లని నవ్వనివ్వు. ఆ తర్వాత నీకిష్టమైన గోడకి నీ చేత్తో ఒక మేకు కొట్టు. తగిలించడానికి ఏమీ లేకపోయినా సరే, ఎవరినీ అడక్కుండా కొట్టు.